పాదాల దాకా రాని ఫోటో

కన్ను ఇచ్చినవాడికి, కంటికి వెలుతురు ఇచ్చినవాడికి, వెలుతురు చాలని చోట చిన్న దీపమైనా నిలిపినవాడికి ముందుగా నమస్కారం. ఒక పాదానికి ఇంకో పాదం అడ్డంగా పెట్టి, వేణువు పట్టుకుని, మా రైల్వే కాలనీ చివర ఏ ఆర్భాటమూ లేకుండా నిలబడ్డ గోపాలుడా, నీకు జయం. నీ పేరు తలవకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని మా భజన గోష్ఠిలో పెద్దలు నేర్పారు. తాళాలు చేతికి తీసుకోకముందే చేతులు జోడించాలన్నారు. ఇప్పుడు రాస్తున్నది కీర్తన కాదు, ఒక ఫోటోగ్రాఫరు ఉద్యోగంలో జరిగిన సంగతి. అయినా ఆ అలవాటు పోదు. పోకూడదు కూడా.

నేను ఖరగ్‌పూర్ బజారులో ఒక స్టూడియోలో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, తెల్లబడ్డాక బయటికి వచ్చాను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. నన్నూ అందులోనే పెట్టాలని ఆయన ఆశ. స్వామి చిత్తం వేరేగా ఉంది. అయినా వర్క్‌షాపు నన్ను వదల్లేదు. అక్కడ ఎవరు రిటైరైనా మెడలో దండతో, పక్కన తోటి పనివాళ్లతో మా స్టూడియోకి వచ్చేవారు. రిటైరైన మర్నాటి నుంచి మనిషికి నవ్వు వస్తుందేమో గాని, ఆ రోజు మాత్రం ఎవరికీ రాదు. వాళ్లని నవ్వించడమే నా ఉద్యోగంలో సగం.

భజన గోష్ఠికి వచ్చే కుర్రవాళ్లలో కొందరు ఇప్పుడు పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తున్నారు. వాళ్లలో ఒకడు మొన్న అడిగాడు: "మాస్టారూ, మీ సర్వీసులో బాగా ఫెయిలైన ఫోటో ఏటండీ?" బాగా వచ్చిన ఫోటో గురించి ఎవరూ అడగరు. అడిగాడు కాబట్టి చెబుతున్నాను.

మా యజమాని బెంగాలీ. ఊరందరికీ దాదా, నాకూ దాదాయే. ఆయనకి రేంజ్‌ఫైండర్ కెమెరాలంటే ప్రాణం. ఈ కాలం పిల్లలకి ఆ కెమెరా తెలియకపోవచ్చు. అందులో లెన్సులోంచి చూడం. పైన ఒక మూలగా చిన్న కిటికీ ఉంటుంది, దాంట్లోంచి చూస్తాం. కిటికీలో తెల్లటి గీతలతో ఒక చట్రం కనిపిస్తుంది. చట్రం లోపల ఉన్నదే ఫోటోలోకి వస్తుంది. బయట ఉన్నది కంటికి కనిపిస్తూనే ఉంటుంది గాని ఫోటోలోకి రాదు. లోపల అద్దం లేచి పడే చప్పుడు ఉండదు. నొక్కితే వినీ వినపడనట్టు చిన్న శబ్దం, అంతే. అందుకే పూజల్లో, పెళ్లి మంత్రాల మధ్యలో దాదా ఆ కెమెరానే నాకిచ్చేవాడు.

ఫిల్ము రోజులు అయిపోయాక స్టూడియోలో పాత లెన్సులన్నీ బీరువాలో దిగులుగా కూర్చున్నాయి. ఒకరోజు దాదా కలకత్తా వెళ్లి, ఆ లెన్సులే పట్టే డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు.

"చేపని మొప్పలెత్తి చూసినట్టు చూసి మరీ కొన్నాను, బాబా," అన్నాడు గర్వంగా.

"వాసన కూడా చూశారా దాదా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. ఫిల్ము చచ్చిపోయింది గాని లెన్సు చావలేదు. ఎంతైనా లెన్సు లెన్సే!"

ఆ మాట ఆయన ఎంత నమ్మాడో నేనూ అంతే నమ్మాను. రోజూ వాడేది ముప్పై అయిదు లెన్సు. కిటికీలో దాని గీతలు ఎంత చూపిస్తే ఫోటోలో అంతే వచ్చేది. ఏ తేడా కనిపించలేదు. కనిపించనంతకాలం తేడా లేదనే అనుకుంటాం కదా.

మా కాలనీ గుడిలో వేణుగోపాలుడిది నల్లరాతి విగ్రహం. మా తాతల తరంలో శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న గుడి అది. ఆ సంవత్సరం స్వామికి వెండి కవచం చేయించారు. కిరీటం నుంచి పాదాల దాకా ఒకటే తొడుగు. ఒకసారి బిగించాక మళ్లీ తీసేది కాదు. అందుకని బిగించే ముందు రోజు అందరికీ నిజరూప దర్శనం ఏర్పాటు చేశారు. ఆ రోజు ఫోటో తీసే భాగ్యం నాకు దక్కింది.

ఆ కబురు తెలియగానే తాల్‌బగీచా నుంచి ఒక మామ్మ నన్ను పిలిపించింది. ఆమె భర్త వర్క్‌షాపులో కమ్మరి పని చేసి, రిటైరై, కాలం చేశాడు. మామ్మ ఏళ్ల తరబడి ఆ గుడిలో సాన మీద గంధం తీసింది. రోజూ అభిషేకం కాగానే పంతులుగారు ఆ గంధమే స్వామి పాదాలకి అలదేవారు. కొన్నాళ్ల కిందట మామ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నేను వెళ్లేసరికి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కోడలు టీ తెచ్చింది.

"బావూ, ఆ కవచానికి నా ఎండి కడియాలు ఇచ్చీసినాను, తెలుసా?"

"తెలుసు మామ్మా."

"ఇచ్చినప్పుడు ఆలోసించనేదు. ఇప్పుడు ఆ కడియాలే కరిగి ఆ పాదాల్ని కప్పెత్తాయంట. ఇదేటి సిత్రం సెప్పు!"

"పైన వెండి పాదాలు వస్తాయి కదా. బాగుంటాయి."

"ఎండి పాదాలు నాకెందుకురా? నాను గంధం తీసింది రాతి పాదాలకి."

కోడలు నవ్వింది. "ఫోటో అంటే ఎవరైనా సామి మొకం అడుగుతారు. మా అత్త పాదాలు అడగతాది."

"మొకం అందరికీ సూపిత్తాడే ఆయన," అంది మామ్మ కోడలితో. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "రేపటితో కప్పెత్తారు. నానెళ్లి సూడనేను. మరింక ఈ జన్మకి లేదు. పాదాలు పూర్తిగా ఉన్న ఫోటో ఒక్కటి తెచ్చి నా సేతిలో పెట్టు నాయినా."

సరే అన్నాను. గుళ్లో నిలబడి చెప్పినట్టే చెప్పాను.

పంతులుగారు షరతులు పెట్టారు. "గడప దాటకు నాయనా. ఫ్లాషు వద్దు. ఆ వెనకాల టీవీలా వెలిగేది ఉందే, అది అసలే వద్దు. గర్భగుడిలో దీపానికి పోటీగా ఇంకో వెలుగు ఉండకూడదు."

ఆ వెనక తెరని మెనూలోకి వెళ్లి ఆర్పవచ్చట. మాకు మెనూలంటే భయం. దాదా కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు తెచ్చి తెర మీద అడ్డంగా నిలువుగా అంటించేశాడు. "హోయే గేఛే!" అన్నాడు. పని అయిపోయిందన్నమాట.

గడప దగ్గర నిలబడితే స్వామి మరీ దగ్గర. రోజూ వాడే లెన్సుకి మొత్తం అందడు. అందుకని దాదా బీరువాలోంచి ఇరవై ఒకటి లెన్సు తీశాడు. అది బాగా వెడల్పుగా చూసే లెన్సు. అంత వెడల్పు కెమెరా కిటికీలో పట్టదు. అందుకే దానికి వేరే చిన్న కిటికీ ఉంటుంది, కెమెరా నెత్తిన తగిలించుకోవాలి. ఫిల్ము రోజుల్లో ఆ రెండింటితో ఎన్ని ఇరుకు గదుల్లో ఎన్ని పెళ్లిళ్లు తీశానో.

దర్శనం రోజు మధ్యాహ్నం జనం కాస్త పలచబడ్డాక గడప దగ్గర నిలబడ్డాను. నెత్తి కిటికీలోంచి చూస్తే కిరీటం నుంచి పీఠం దాకా స్వామి నిండుగా ఉన్నాడు. పైన ఇంత చోటు, కింద ఇంత చోటు. ఊపిరి బిగబట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను. స్వామికి వీపు చూపించకూడదు కాబట్టి కెమెరా గుండెకి హత్తుకుని వెనక్కి వెనక్కి నడిచి బయటికి వచ్చాను. టేపు తీసి చూడాలని తోచలేదు. నా కళ్లతో చూశాను కదా, ఇంకేం చూడాలి?

సాయంత్రం స్టూడియోలో దాదా కంప్యూటరు మీద బొమ్మ తెరిచాడు.

"అపూర్బో!" అన్నాడు ముందు. ఆ తర్వాత కళ్లజోడు సరిచేసుకుని ముందుకి వంగాడు. "పా కొథాయ్?"

కాళ్లేవీ అంటున్నాడు. నేనూ చూశాను. కిరీటం లేదు. పాదాలు లేవు. నుదుటి దగ్గర మొదలై మోకాళ్ల దగ్గర ఆగిపోయాడు స్వామి. వేణువు మాత్రం నడిమధ్యలో చక్కగా ఉంది. అన్ని ఫోటోలూ అంతే.

"నువ్వు ముందుకి జరిగావు," అన్నాడు దాదా.

"గడప రాయి జరిగిందా దాదా? నేను దాని ఇవతలే ఉన్నాను."

"అయితే కెమెరా వంచావు."

"వంచితే ఒక వైపే పోవాలి. రెండు వైపులా ఎలా పోతాయి?"

ఆయన కలకత్తాలో కెమెరాలు బాగుచేసే స్నేహితుడికి ఫోను చేశాడు. చాలాసేపు "హాఁ, హాఁ" అని విన్నాడు. ఫోను పెట్టేసి, ఎదురు దుకాణం నుంచి తెచ్చిన లుచీల పొట్లం విప్పాడు. లుచీ అంటే మైదా పూరీ. అందులోంచి ఒకటి తీసి కాగితం మీద పరిచాడు.

"చూడు బాబా. లెన్సు లోపల గుండ్రంగా బొమ్మ వేస్తుంది, ఈ లుచీలాగ. ఫిల్ము అందులోంచి ఇంత పెద్ద ముక్క కోసుకునేది." వేలితో పెద్ద చదరం గీశాడు. "మన కెమెరాలో ఫిల్ము చోట ఉన్న సెన్సారు చిన్నది. నడిమధ్యన ఇంతే కోసుకుంటుంది. చుట్టూ ఉన్నదంతా పోయింది. లుచీ అదే, కోత వేరు. అందుకే ఇరవై ఒకటి లెన్సు దీని మీద ముప్పై దగ్గరి లెన్సులా చూస్తుందట."

"మరి రోజూ వాడే లెన్సుకి తేడా రాలేదేం?"

"ఆ గీతలు ఈ చిన్న సెన్సారు కొలతకే గీసి అమ్మారు. నెత్తి కిటికీ మాత్రం ఫిల్ము కాలంది. పాపం, ఫిల్ము పోయిందని దానికెవరు చెప్పారు?"

"ఈ లుచీ కథ పొద్దున చెప్పాల్సింది దాదా."

"పొద్దున నాకూ తెలియదు కదా," అని ఆ లుచీని నోట్లో వేసుకున్నాడు.

నేను పొట్లం ముట్టలేదు. అప్పుడే మామ్మ కోడలి ఫోను నుంచి మామ్మ మాట్లాడింది.

"వచ్చినాయా బావూ, పాదాలు?"

"రాలేదు మామ్మా."

"రాకపోడమేటి? ఎక్కడికెల్లినాయి? నానెల్లి తెమ్మంటావేటి?"

నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఇంకోసారి ప్రయత్నిస్తానని చెప్పి గుడికి పరిగెత్తాను.

అప్పటికే తెర వేసేశారు. పంతులుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సంగతంతా విన్నారు.

"కవచం పనివాళ్లు పొద్దున్నే వస్తారు నాయనా. వాళ్లు రాకముందు ఒక అభిషేకం, పాదాలకి గంధం, ఒక్క హారతి. హారతి కాగానే తెర వేస్తే మళ్లీ తీసేది కవచంతోనే. ఆ హారతివేళ తీసుకో. అయితే గడప దగ్గర మాత్రం నిలబడనివ్వను. అక్కడంతా అభిషేకం నీళ్లు, మడి."

"మరి ఎక్కడ నిలబడను?"

"వెనక్కి వెళ్లు. అందరూ కూర్చునే చోటే కూర్చో."

నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే మనసులో ఏదో సర్దుకుంది. గోష్ఠిలో చిన్నప్పటి నుంచి విన్నది ఇదే. ముందుకి తోసుకువెళ్లినవాడికే స్వామి కనిపిస్తాడని ఎవరూ చెప్పలేదు. ఫోటోగ్రాఫరునన్న పేరుతో నేను ఎప్పుడూ గడప దాకా వెళ్లేవాణ్ని. గోష్ఠిలో నలుగురి మధ్య కూర్చుని హారతి చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆ ఇరవై ఒకటి లెన్సునీ దాని కిటికీనీ బీరువాలోనే వదిలేసి, రోజూ వాడే లెన్సుతో గుడికి వెళ్లాను. దాదా కళ్లజోడు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ మెనూలో వెతికి తెరని ఆర్పి ఇచ్చాడు. ఆ లెన్సుకి స్వామి నిండుగా పట్టాలంటే మండపం చివరిదాకా వెనక్కి వెళ్లాలి. మధ్యలో భజన వాళ్లంతా ఉన్నారు. రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుంటారు గాని, కూర్చున్నవాళ్లు కుదురుగా ఉండరు.

"కాస్త అటూ ఇటూ సర్దుకోండి," అని బతిమాలాను.

"మా తలకాయలు ఫోటోలో పడితే తప్పేటి?" అన్నాడు మృదంగం వాయించే ఆయన. "మేవూ భక్తులమే గదా!"

"మీ తలకాయలు రోజూ సూత్తన్నాం. ఈరోజుకి సామిని సూడనీ," అంది వెనక నుంచి ఒకావిడ. అందరూ నవ్వుతూనే జరిగారు. నడిమధ్య దారి ఏర్పడింది.

మా గోష్ఠి పెద్ద వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఆ మామ్మ గంధం తీసే సోట కూకోరా. అక్కడ్నించి ఏ అడ్డూ ఉండదు."

అక్కడ సాన ఉంది, పక్కన పీట ఉంది. పీట మీద కూర్చుని వీపు గోడకి ఆనించి కిటికీలోకి చూశాను. గర్భగుడి ద్వారబంధం మధ్య స్వామి. పైన కిరీటం, కింద పీఠం, ఆ పీఠం మీద ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు పాదాలు. గీతల లోపల అంతా ఉంది. మామ్మ అన్నేళ్లు చూసింది ఇలాగేనన్నమాట.

హారతి వెలిగింది. ఇక్కడ పిల్లలకి ఒక్క మాట చెప్పాలి. కర్పూరం వెలుగు తప్ప వేరే వెలుతురు లేదు. పళ్లెం కిందికి వచ్చినప్పుడే పాదాల మీద వెలుగు పడుతుంది. అదే పళ్లెం ఇంకొంచెం కదిలితే పాదాలకే అడ్డం వస్తుంది. లెన్సులోంచి చూసే కెమెరా అయితే అడ్డం వచ్చాకే తెలిసేది. ఈ కిటికీలో గీతల బయట కూడా కనిపిస్తుంది కదా. సెన్సారు చిన్నదైనకొద్దీ గీతల చట్రం చిన్నది, బయట మిగిలే చోటు ఎక్కువ. పంతులుగారి చెయ్యి గీతల అవతలికి వెళ్లడం, అక్కడ ఒక క్షణం ఆగడం, మళ్లీ ఇటు తిరగడం అంతా నాకు ముందే కనిపిస్తోంది. ముందు రోజు నన్ను ముంచిన చిన్న సెన్సారే ఆ పొద్దున నాకు దారి చూపించింది. పళ్లెం కిందికి దిగి, పాదాల మీద వెలుగు పరిచి, పక్కకి తొలగిన ఆ లిప్తలో నొక్కాను. భజన మోతలో ఆ చప్పుడు నాకే వినబడలేదు.

తెర పడింది.

కండువా కప్పుకుని దాని కింద కెమెరా తెర వెలిగించి చూశాను. పాదాలు ఉన్నాయి. వేళ్లతో సహా ఉన్నాయి. అంచుల్లో తాళాలు పట్టుకున్న చేతులు, ఎవరిదో మోకాలు కూడా పడ్డాయి. కండువా తియ్యకుండానే నేల మీద తల ఆనించాను.

ఫోటో ప్రింటు తీసుకుని తాల్‌బగీచాకి బయల్దేరితే దాదా కూడా టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి కూర్చున్నాడు. "నా లెన్సు పరువు ఏమవుతుందో నేను చూడాలి," అన్నాడు.

మామ్మ ప్రింటు అందుకుంది. కళ్లకి అద్దుకుంది. కోడలు కళ్లజోడు తెచ్చి పెట్టింది. చాలాసేపు చూసింది. దాదా నా వైపు చూశాడు, నేను దాదా వైపు చూశాను. చివరికి మామ్మ వేలు పాదాల దగ్గర ఆగింది. నుదురు ముడిపడింది.

"గంధం ఎవురు తీసినారు?"

"ఎవరో కొత్తావిడ మామ్మా. నాకు సరిగా తెలీదు."

"నీళ్లు ఎక్కువైపోనాయి. ఇలాగ సూడు, ఏళ్ల మద్దెనించి కారిపోతన్నాది. గంధం అలాగ తీత్తారేటి?"

దాదాకి సగం అర్థమైంది. "కీ బోల్‌ఛే?" అని అడిగాడు. గంధం పలచనైందంటోందని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే ఫోకసు బాగుంది!"

మామ్మ ఆయన్ని పట్టించుకోలేదు. ఫోటోని ఒళ్లో పెట్టుకుని కోడలి వైపు తిరిగింది. "ఆ సానా చెక్కా ఇక్కడికి తెప్పించండి. కాలు ఇరిగినాది గాని సెయ్యి ఇరగనేదు."

"కవచం పెట్టీసినారు కదత్తా. ఎండి పాదాలు నాకెందుకన్నావు?"

"అన్నాను. లోపలున్నోడు ఆడే గదే. ఇప్పుడు సూసినాను గదా."

ఆ వారంలోనే సాన ఆమె మంచం దగ్గరికి వచ్చింది. రోజూ ఉదయం స్టీలు డబ్బాలో గంధం ముద్ద తయారయ్యేది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్తూ మామ్మ కొడుకు దాన్ని గుళ్లో ఇచ్చి పోయేవాడు. వెండి పాదాల మీద ఆ గంధం ఎప్పుడూ కారలేదు. నేను వెళ్లి చూసేవాణ్ని, గడప దగ్గరి నుంచి కాదు, వెనక నుంచి. మామ్మ కన్ను మూసేదాకా ఆ డబ్బా ఆగలేదని పంతులుగారు ఇప్పటికీ చెబుతారు.

తర్వాత ఫిల్మంత పెద్ద సెన్సారున్న కెమెరాలు వచ్చాయి. ఇరవై ఒకటి లెన్సూ దాని నెత్తి కిటికీ మళ్లీ ఒకే మాట మీదకి వచ్చాయి. దాదా ఒకటి తెప్పించి, ఇంకోసారి గడప దగ్గర నుంచి తీయమన్నాడు. తీశాను. వెండి స్వామి తల నుంచి పాదాల దాకా నిండుగా వచ్చాడు. గుడి వాళ్లు ఆ ఫోటోనే క్యాలెండరుకి వేసుకున్నారు. నాకు దాని మీద ఏ కోపమూ లేదు. మంచి ఫోటోయే.

కెమెరా పట్టిన పిల్లలూ, కొత్త లెన్సు ఏదైనా చేతికి వస్తే, గుడికి తీసుకెళ్లే ముందు ఇంట్లో గోడకి ఎదురుగా పెట్టి ఎంత కోసుకుంటుందో చూసుకోండి. అది విద్య. చూసుకున్నాక కూడా తప్పిపోతే స్వామి ఎక్కడ కూర్చోమంటున్నాడో వినండి. అది నాకు తెలిసిన మిగతా విద్య.

ఇక్కడితో ఆపుతాను. ఈ కాగితం పక్కన పెట్టే ముందు ఒక్కసారి మీరూ నాతో చేతులు జోడించండి. పెద్ద మాటలు అక్కర్లేదు. ఇలా అనండి: గోపాలా, నీ గుమ్మం దాకా రాలేని వాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మంచాల మీద ఉన్నారు, దూరపు డ్యూటీల్లో ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఏదో ఒక వంక పెట్టుకుని నువ్వే వెళ్లు. ఆ వంకకి మనిషి కావలసివస్తే మమ్మల్ని పిలువు. పిలిచినప్పుడు చేతికి పని, మాటకి తీపి ఇవ్వు. అనండి, నాతో పాటు అనండి.